వంత పాడే చెయ్యి

పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా చూసే ఉంటారు. ముందు పాడేవాళ్లిద్దరు నిలబడతారు. వాళ్ల పక్కన కీబోర్డు. వెనకాల తబలా, డ్రమ్స్. ఇంకో మూల ప్లాస్టిక్ కుర్చీలో ఒకాయన గిటార్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. పాట మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా ఆయన కుడి చెయ్యి పైకీ కిందకీ ఆడుతూనే ఉంటుంది. పాట అయిపోతుంది. చప్పట్లు పాడినవాళ్లకి. మధ్యలో మంచి బిట్టు పడితే కీబోర్డాయనకి. కుర్చీలో ఆయన్ని ఎవరూ చూడరు. భోజనాలకి పిలవటానికి వచ్చిన పెద్దమనిషి కూడా తలలు లెక్కపెట్టి, ఒక విస్తరి తక్కువ వేయిస్తాడు.

ఆ తక్కువైన విస్తరి నాది. గోదావరి జిల్లాల్లో పదకొండేళ్లు ఆర్కెస్ట్రాల్లో రిథమ్ గిటార్ వాయించాను. కాబట్టి ఈ ప్రసంగంలో కాస్త పక్షపాతం వినిపిస్తే మన్నించండి.

గిటార్‌తో చేసే పనులు ముఖ్యంగా రెండు. ఒకటి లీడ్. అంటే పాట వరసని ఒక్కో స్వరంగా పలికించటం. మనం ఈల వేస్తే ఏది వస్తుందో, అది. రెండోది రిథమ్. నాలుగైదు తీగల్ని ఒకేసారి మీటి, కొన్ని స్వరాల్ని కలిపి ఒక కట్టలా వినిపించటం. ఆ కట్టని కార్డ్ అంటాం. ఆ కార్డ్స్‌ని తాళం ప్రకారం కొడుతూ పోవటమే రిథమ్ గిటార్. లీడ్ వింటే అది ఏ పాటో పోల్చుకుంటాం. ఒట్టి రిథమ్ వింటే పాట పోల్చుకోలేం. కాలు మాత్రం కదులుతుంది.

తెలుగులో 'వంత పాడటం' అనే మాట ఉంది. ఇప్పుడది తిట్టు అయిపోయింది. "ఆయన ఏమంటే వీడు దానికి వంత పాడతాడు" అంటాం. నాకెందుకో ఆ వాడుక నచ్చదు. బుర్రకథ దగ్గరగా కూర్చుని చూసినవాళ్లకి తెలుసు, వంత అంటే ఎంత పనో. మధ్యలో కథకుడు తంబురా భుజాన వేసుకుని, వేలికి అందెలు తొడుక్కుని, అడుగులు వేస్తూ కథ చెప్తాడు. అటొకరు, ఇటొకరు డక్కీలు వాయిస్తూ వంత అందుకుంటారు. కథకుడు ఊపిరి పీల్చుకునేది వాళ్లు అందుకున్నప్పుడే. వాళ్లు ఒక్క దెబ్బ ఆలస్యం చేస్తే ఆయన అడుగు తప్పుతుంది. బుర్రకథ అనగానే షేక్ నాజర్ గారి పేరు చెప్తాం. చెప్పాల్సిందే. మరి ఆయనకి అటూ ఇటూ నిలబడి డక్కీ వాయించినవాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

రిథమ్ గిటారిస్టు ఆ వంత మనిషి. ఇవాళ నాకు నచ్చిన వంత మనుషుల గురించి చెప్తాను. పేర్లు గుర్తుండకపోయినా ఫర్వాలేదు. ఒక్క మాట పట్టుకోండి. చెయ్యి ఆగకూడదు. మళ్లీ చెప్తున్నాను. తీగ మోగినా, మోగకపోయినా, కుడి చెయ్యి ఆగకూడదు.

ఈ మాట నాకు చెప్పింది మా మాస్టారు. ఆయన చర్చిలో గిటార్ వాయించేవారు. అప్పట్లో మా ఊళ్లో గిటార్ నేర్చుకోవాలంటే చర్చి తప్ప వేరే దారి లేదు. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. ఓ తీర్థంలో మా ప్రోగ్రాం. ముందు వరసలో కాలేజీ వాళ్లు కూర్చున్నారు. నాకు హుషారొచ్చింది. పల్లవికీ చరణానికీ మధ్య కార్డ్స్ వదిలేసి, సొంతంగా నాలుగు బిట్లు వాయించాను. బాగానే పలికాయి. ఇద్దరు ముగ్గురు ఈలలు కూడా వేశారు. కానీ పాడే ఆవిడ చరణం ఎత్తుకోవాల్సిన చోట ఎత్తుకోలేకపోయింది. తబలా ఆయన నా వైపు చూశాడు. డ్రమ్స్ ఆయన తబలా ఆయన వైపు చూశాడు. ఎవరి తాళం వాళ్లదే. జనం నవ్వారు.

మర్నాడు మాస్టారింటికి వెళ్లాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు. వాళ్లమ్మగారు అరుగు మీద కూర్చుని బియ్యం చెరుగుతున్నారు. "ఒరేయ్, అక్కడ కూర్చుని కాసేపు చూడరా" అన్నారు మాస్టారు.

చూశాను. ఆవిడ పక్కింటావిడతో కబుర్లు చెప్తున్నారు. చేట లేస్తోంది, దిగుతోంది. లేస్తోంది, దిగుతోంది. ఒకసారి బియ్యం ఎగిరి పడుతున్నాయి, తవుడు ముందుకి రాలుతోంది. ఇంకోసారి బియ్యం ఎగరటం లేదు, చేట ఊరికే ఊగుతోంది. ఓ రాయి కనిపిస్తే ఒక చేత్తో ఏరి పారేస్తున్నారు. రెండో చెయ్యి చేటని ఊపుతూనే ఉంది. కబుర్లు ఆగాయి. మళ్లీ మొదలయ్యాయి. పక్కింటావిడ లేచి వెళ్లిపోయింది. ఊపు మాత్రం ఆగలేదు.

"బియ్యం చూడకురా. చెయ్యి చూడు" అన్నారు మాస్టారు.

ఇప్పుడు మీరూ ఒక పని చెయ్యండి. బండి నడుపుతూ వింటున్నవాళ్లు మాత్రం ఇంటికెళ్లాక చెయ్యండి. వంటింట్లో ఉన్నవాళ్లు గరిటె పక్కన పెట్టండి. కుడి అరచెయ్యి కుడి తొడ మీద పెట్టండి. దుమ్ము దులుపుతున్నట్టు చేతిని మోకాలి వైపు కిందకి పోనివ్వండి. మళ్లీ పైకి తీసుకురండి. కిందకి, పైకి. కిందకి, పైకి. ఇప్పుడు నాతో పాటు నాలుగు అంకెలు లెక్కపెట్టండి. ఒకటీ... రెండూ... మూడూ... నాలుగూ. అంకె అన్నప్పుడు చెయ్యి కిందకి. చివర దీర్ఘం తీసినప్పుడు చెయ్యి పైకి. ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ.

బాగుంది. ఇక చిన్న మార్పు. 'ఒకటి' అన్నప్పుడు చెయ్యి తొడకి తగలాలి. పైకి వచ్చేటప్పుడు తగలకూడదు, గాల్లో రావాలి. 'రెండు' దగ్గర కిందకీ తగలాలి, పైకీ తగలాలి. 'మూడు' దగ్గర జాగ్రత్త. చెయ్యి కిందకి వెళ్లాలి. కానీ తగలకూడదు. పైకి వచ్చేటప్పుడు తగలాలి. 'నాలుగు' మళ్లీ రెండు వైపులా. నోటితో చెప్తే ఇలా ఉంటుంది. ఝం... ఝం చిక్... చిక్ ఝం చిక్. ఇంకోసారి. ఝం... ఝం చిక్... చిక్ ఝం చిక్.

గిటార్ పట్టుకున్న ప్రతి పిల్లవాడూ మొదటి నెలల్లో నేర్చుకునే స్ట్రమ్మింగ్ ఇది. వినటానికి తేలిక. చెయ్యటానికి 'మూడు' దగ్గర తంటా. అక్కడ చప్పుడు లేదు కదా అని పిల్లలు చెయ్యి ఆపేస్తారు. ఆపి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలా అని ఆలోచిస్తారు. ఆలోచించేలోపు తాళం వెళ్లిపోతుంది. చెయ్యి ఆపకపోతే ఆలోచించే పనే లేదు. చప్పుడు లేని చోట కూడా చెయ్యి తన దారిన తను వెళ్లొస్తుంది. ఖాళీ చేట ఊగినట్టు.

సరే, వంత మనుషుల దగ్గరికి వద్దాం.

వాళ్లందరిలో నాకు ఎక్కువ ఇష్టమైన మనిషి ఫ్రెడ్డీ గ్రీన్. 1911లో అమెరికాలో దక్షిణ కరొలైనా రాష్ట్రంలోని చార్ల్‌స్టన్‌లో పుట్టారు. కుర్రతనంలో న్యూయార్క్ చేరుకున్నారు. పగలు కుర్చీలకీ సోఫాలకీ మెత్తలు వేసి గుడ్డ బిగించే పని. రాత్రి క్లబ్బుల్లో వాద్యం. మొదట బాంజో, తర్వాత గిటార్. 1937లో కౌంట్ బేసీ అనే పియానో విద్వాంసుడి జాజ్ బృందంలో చేరారు. బేసీ 1984లో పోయారు. గ్రీన్ మాత్రం ఆ బృందం వదల్లేదు. 1987 మార్చిలో చనిపోయేదాకా అదే కుర్చీ, అదే పని. దాదాపు యాభై ఏళ్లు. మన ఆర్కెస్ట్రాల్లో యాభై ప్రోగ్రాంలు ఒకచోట ఉండే మనిషిని చూడటమే కష్టం.

ఆ బృందం చిన్నది కాదు. ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సఫోన్లు. ఊదేవాళ్లే డజను మంది. వాళ్ల మధ్య ఈయన గిటార్‌కి కరెంటు లేదు. యాంప్లిఫయర్ లేదు. వట్టి చెక్క గిటార్. తీగల్ని ఫ్రెట్లు అనే లోహపు మెట్ల నుంచి బాగా ఎత్తులో బిగించుకునేవారు. అలా బిగిస్తే నొక్కే వేళ్లు నొప్పి పెడతాయి. కానీ ఎంత గట్టిగా కొట్టినా తీగ గరగరలాడదు.

మరి ఆయన ఏం వాయించేవారు? ఆవర్తానికి నాలుగు దెబ్బలు. ఝం, ఝం, ఝం, ఝం. అంతే. నిమిషానికి 200 దెబ్బల వేగంలో ఉన్న పాట మూడు నిమిషాలు నడిస్తే, ఆయన వాటా 600 దెబ్బలు. ఆరు వందలూ ఒకే బరువుతో పడాలి. చూసేవాళ్లకి ఎడమ చెయ్యి కార్డ్ మొత్తం పట్టుకున్నట్టే కనిపించేది. నిజానికి గట్టిగా పలికేవి ఒకటో రెండో తీగలు. మిగతా వాటిని వేళ్లతో తాకి నోరు మూయించేవారు. ఎందుకంటే పియానో ఉంది. బేస్ ఉంది. ఊదేవాళ్లు ఉన్నారు. తను కూడా ఆరు తీగలూ మోగిస్తే గదిలో జనం ఎక్కువైపోయినట్టు ఉంటుంది. సోలో వాయించిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆయనకి సోలో మీద కోరిక లేదా అంటే, ఉంది. 1939 ప్రాంతంలో చార్లీ క్రిస్టియన్ అనే యువకుడు కరెంటు గిటార్ మీద సోలోలు వాయించి జాజ్ లోకాన్ని ఊపేస్తున్నాడు. అది చూసి గ్రీన్ కూడా ఒక యాంప్లిఫయర్ తెచ్చుకున్నారు. ఆ తర్వాత ఏం జరిగిందో అదే బృందంలో ట్రంపెట్ వాయించిన హ్యారీ ఎడిసన్ చెప్పేవారు. గ్రీన్ సోలో ఎత్తుకోగానే ఆవర్తానికి నాలుగు దెబ్బలు కొట్టేవాళ్లు ఉండరు కదా. బృందం మొత్తం కుంటటం మొదలుపెట్టేది. తోటివాళ్లు చూశారు, చూశారు. ఓ రాత్రి ఒకాయన చప్పుడు కాకుండా ప్లగ్గు పీకేశారు. గ్రీన్ మళ్లీ పెట్టుకున్నారు. ఇంకో రాత్రి ఇంకొకరు లోపలి వైరు తీసేశారు. బాగుచేయించుకున్నారు. ఆఖరికి పెట్టెలో ఉన్న సామానంతా పీకి డొల్ల చేసి పెట్టారు. గ్రీన్‌కి మండిపోయింది. కానీ మళ్లీ యాంప్లిఫయర్ కొనలేదు.

నేను తీర్థంలో చేసిన పనే ఆయనా చేశారన్నమాట. ఈ కథ విన్నాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

మన ఇళ్లల్లో ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది. దాని చప్పుడు మనకి వినపడదు. కరెంటు పోతుంది. అప్పుడు తెలుస్తుంది, ఇంతసేపూ ఒక చప్పుడు ఉండేదని. ఫ్రెడ్డీ గ్రీన్ గిటార్ అలాంటిది. ఆగితేనే వినపడేది.

1950లో పెద్ద బృందాన్ని పోషించలేక బేసీ దాన్ని ఎత్తేశారు. కొద్దిమందితో చిన్న బృందం పెట్టుకున్నారు. అందులో గ్రీన్ లేరు. ఓ సాయంత్రం గ్రీన్ గిటార్ పట్టుకుని పిలవని పేరంటంలా వచ్చి, స్టేజీ ఎక్కి, కూర్చుని వాయించటం మొదలుపెట్టారు. బేసీ లెమ్మనలేదు.

ఇక పారిస్ వెళ్దాం. 1934లో అక్కడ ఒక బృందం మొదలైంది. వయొలిన్ స్టెఫాన్ గ్రాపెలీ. గిటార్ జాంగో రైన్‌హార్ట్. జాంగో సంచార జాతి మనిషి. 1928లో ఆయన ఉండే బండి తగలబడి ఎడమ చేతి రెండు వేళ్లు పనికిరాకుండా పోయాయి. మిగిలిన వేళ్లతోనే లోకాన్ని ఆశ్చర్యపరిచారు. ఆయన గురించి అందరూ చెప్తారు, నేను చెప్పను. నేను చెప్పేది ఆ బృందంలో లేని దాని గురించి. ఆ బృందంలో డ్రమ్స్ లేవు. తాళం మొత్తం వెనకాల కూర్చున్న గిటార్లదీ, ఒక బేస్‌దీ.

వాళ్లు కొట్టే పద్ధతికి ఫ్రెంచిలో 'లా పోంప్' అని పేరు. పోంప్ అంటే పంపు. మన వీధి చివర బోరింగు ఉంటుంది చూడండి, ఆ పంపే. చెయ్యి బలంగా కిందకి నొక్కుతాం. బరువు. వదుల్తాం. తేలిక. బరువు, తేలిక. బరువు, తేలిక. బోరింగు కొట్టేటప్పుడు ఎవరూ తాళం లెక్కపెట్టరు. చేతికే తెలుస్తుంది. వెనకాల గిటార్లలో ఒకటి జాంగో తమ్ముడు జోసెఫ్‌ది. దాని వెనక ఒక కథ చెప్తారు. మొదట్లో వెనకాల ఒక్క గిటారే ఉండేదట. గ్రాపెలీ వయొలిన్ వాయిస్తుంటే జాంగోతో కలిపి ఆయన వెనక రెండు గిటార్లు. జాంగో సోలో వాయిస్తుంటే వెనక ఒకటే. ఇదేం న్యాయం అని జాంగో అడిగారట. అలా తమ్ముడు వచ్చి కూర్చున్నాడు. అంత గొప్పవాడికి కూడా వంత తక్కువైతే గిట్టలేదు.

ఇప్పటిదాకా కుడి చేతి గురించి చెప్పాను. ఎడమ చెయ్యి చేసే పని ఇంకోటుంది. గుడి గంట కొట్టి వెంటనే చేత్తో పట్టుకోండి. 'ణంగ్' అనాల్సింది 'టక్' అంటుంది. గిటార్ మీద కూడా అంతే. ఎడమ చేతి వేళ్లు తీగల్ని గట్టిగా నొక్కితే కార్డ్ మోగుతుంది. కొంచెం సడలించి, తీగల మీద ఊరికే ఆనిస్తే, కుడి చెయ్యి అదే వేగంతో కొట్టినా స్వరం రాదు. 'చిక్' మంటుంది. అంటే కుడి చెయ్యి ఆగక్కర్లేదు. ఎక్కడ మోగాలో, ఎక్కడ మోగకూడదో ఎడమ చెయ్యి చూసుకుంటుంది.

ఈ 'చిక్' చప్పుడుని పాటకి నడుముగా చేసినాయన జిమ్మీ నోలెన్. అమెరికా గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందంలో గిటారిస్టు. 1965లో వచ్చిన 'పాపాస్ గాట్ ఎ బ్రాండ్ న్యూ బ్యాగ్' పాట ఈసారి విన్నప్పుడు గాయకుడిని వదిలేసి వెనకాల వినండి. పెరట్లో కోడి చెత్త గీరుతున్నట్టు ఉంటుంది. కర్ కర్ చిక్, కర్ చిక్. నేను ఊరికే అనటం లేదు. ఆ వాయింపుకి వాళ్లు పెట్టుకున్న పేరే 'చికెన్ స్క్రాచ్'. కోడి గీరుడు. ఇంకో సంగతి. జేమ్స్ బ్రౌన్ తన బృందంలో ఎవరు తప్పు వాయించినా జరిమానా వేసేవారు. పాట మధ్యలో చేతి వేళ్లు చూపించి ఎంత కట్టాలో అక్కడికక్కడే చెప్పేసేవారు. ఆ కొలువులో ఏళ్ల తరబడి కోడి గీరుడు గీరటం మాటలు కాదు.

నోలెన్ వేసిన దారినే ఇంకా నున్నగా చేసినాయన నైల్ రాజర్స్. న్యూయార్క్ మనిషి. 1952లో పుట్టారు. మొదట ఆయన జాజ్ గిటార్ వాయించేవారు. బొద్దుగా ఉండే చెక్క గిటార్. బేస్ వాయించే స్నేహితుడు బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ పోరు పెట్టి దాన్ని మార్పించారు. మయామీలో ఆ గిటార్ ఇచ్చేసి స్ట్రాటోకాస్టర్ అనే కరెంటు గిటార్ తీసుకున్నారు. తెల్లది. సన్నగా, పదునుగా పలుకుతుంది. ఈ ఇద్దరూ కలిసి నడిపిన బృందం పేరు షీక్. వాళ్ల 'గుడ్ టైమ్స్' 1979లో వచ్చింది. అదే గిటార్‌తో 1983లో గాయకుడు డేవిడ్ బోవీకి 'లెట్స్ డాన్స్' చేసిపెట్టారు. 2013లో డాఫ్ట్ పంక్ వాళ్ల 'గెట్ లక్కీ'లో వాయించారు. మీ ఇంట్లో పిల్లలకి ఆ పాట తెలిసే ఉంటుంది. ముప్పై నాలుగేళ్ల దూరంలో ఉన్న 'గుడ్ టైమ్స్', 'గెట్ లక్కీ' రెండిట్లోనూ ఉన్నది ఒకటే చెయ్యి.

ఆ చెయ్యి ఏం చేస్తుందంటే, మన 'ఒకటీ, రెండూ' లెక్కలో ఒక్కో అంకెకి కిందకీ పైకీ రెండుసార్లు కదిలాం కదా. ఆయన చెయ్యి నాలుగుసార్లు కదులుతుంది. ఆవర్తానికి 16 కదలికలు. వాటిలో మోగేవి కొన్నే. మిగతావి 'చిక్'. ఇంకొన్ని అదీ లేదు, గాలి. పదహారు గింజల్లో ఏ నాలుగైదు మోగించాలన్నదే ఆయన విద్య. అందుకే ఆ పాటలు వింటూ కుదురుగా కూర్చోలేం. మోగిన దెబ్బకి కాలు కదుపుతాం. మోగని దెబ్బకి ఒళ్లు ఎదురుచూస్తుంది.

కదలికలు ఎక్కువైతేనే గొప్ప అనుకోకండి. ఇప్పుడు దానికి పూర్తిగా ఎదురు మనిషి దగ్గరికి వెళ్దాం. మాల్కమ్ యంగ్. 1953లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పుట్టారు. 1963లో ఆ కుటుంబం ఆస్ట్రేలియా వలస వెళ్లింది. 1973లో సిడ్నీలో తమ్ముడు ఆంగస్‌తో కలిసి ఏసీడీసీ అనే రాక్ బృందం పెట్టారు. ఏసీడీసీ అంటే చెవులు మూసుకునేవాళ్లున్నారని నాకు తెలుసు. మా ఇంట్లోనే ఉన్నారు. తమ్ముడు బడి పిల్లాడిలా నిక్కరు, టై వేసుకుని స్టేజీ అంతా దొర్లుతూ లీడ్ వాయిస్తాడు. అన్న వెనకాల డ్రమ్స్ పక్కన నిలబడేవాడు. కోరస్ పాడాల్సి వచ్చినప్పుడు మైకు దగ్గరికి రెండడుగులు ముందుకి. పాడటం అవగానే రెండడుగులు వెనక్కి. అంతే ఆయన నాట్యం.

ఆయన గిటార్ 1963 నాటి గ్రెచ్. దానికి చప్పుడు అందుకునే పరికరాలు, పికప్‌లు అంటాం, ఒక్కటి ఉంచి మిగతావి పీకేశారు. ఆ గుంటలు అలాగే కనిపిస్తూ ఉంటాయి. తీగలు లావువి. ఇంకో సంగతి వింటే నమ్మరు. లోకంలోనే పెద్ద చప్పుడు చేసే బృందాల్లో ఒకటి కదా. అందులో ఈయన తన యాంప్లిఫయర్ గొంతుని చాలామంది రాక్ గిటారిస్టుల కంటే తగ్గించి పెట్టుకునేవారు. గొంతు తగ్గితే బొంగురు తగ్గుతుంది. ఒక్కో తీగ విడివిడిగా, గట్టిగా పలుకుతుంది. బలం యంత్రంది కాదు, మణికట్టుది.

1980 నాటి 'బ్యాక్ ఇన్ బ్లాక్' మొదలు వినండి. ఒక కార్డ్ పడుతుంది. తర్వాత ఖాళీ. ఇంకో రెండు చిన్న ముక్కలు. మళ్లీ ఖాళీ. ఆ ఖాళీ ఎంతసేపు ఉండాలో అంతసేపే ఉంటుంది. వెంట్రుక వాసి తేడా రాదు. చెయ్యి ఆగకూడదన్నావు, ఇక్కడ ఆగింది కదా అంటారేమో. లేదండి. ఆ ఖాళీలో ఆయన కాలు చూడండి, మోకాలు చూడండి. చెయ్యి ఆడాల్సిన ఊపు కాల్లోకి దిగింది. చేట ఊగుతూనే ఉంది. 2014లో మతిమరుపు జబ్బు వల్ల ఆయన బృందం వదిలారు. 2017లో పోయారు. ఆ కుర్చీలోకి బయటివాళ్లని తెచ్చుకోలేదు. వాళ్లన్న కొడుకు స్టీవీ వచ్చి నిలబడ్డాడు.

ఇంకా చాలామంది ఉన్నారు. మేబెల్ కార్టర్ ఉన్నారు. అమెరికా కొండ ప్రాంతపు పాటలు పాడిన కుటుంబం ఆవిడది. 1927లో వాళ్ల మొదటి రికార్డులు. బొటనవేలితో లావు తీగల మీద పాట వరస పలికిస్తూ, మిగతా వేళ్లతో సన్న తీగలు దువ్వేవారు. లీడ్, రిథమ్ ఒక్క చేతే. ఇంట్లో ఒకే మనిషి పాలు కాస్తూ పిల్లకి జడ వేసినట్టు. జాన్ లెనన్ ఉన్నారు. బీటిల్స్ 1963 నాటి 'ఆల్ మై లవింగ్'లో దెబ్బకి మూడేసి చొప్పున గలగలా కొట్టారు. గిటార్ ఉన్న శ్రోతలుంటే ఇవాళే ప్రయత్నించండి. రెండో చరణానికి చెయ్యి పట్టేస్తుంది. జమైకా రెగె పాటల వాళ్లయితే మన లెక్కలో అంకె మీద అసలు కొట్టరు. దీర్ఘం మీద కొడతారు. బాబ్ మార్లీ స్టేజీ మీద పాడుతూ చేసిన పని ఇదే.

మన దగ్గరా ఉన్నారు. 'షోలే'లో అమితాబ్ సాయంత్రం పూట మౌత్ ఆర్గాన్ వాయిస్తాడు. అది నిజంగా వాయించింది భాను గుప్తా గారు. ఆ నాలుగు స్వరాలు దేశమంతా గుర్తుపెట్టుకుంది. అసలు ఆయన పని సంగీత దర్శకుడు ఆర్.డి. బర్మన్ బృందంలో రిథమ్ గిటార్. ఎన్నో ఏళ్లు, ఎన్నో పాటలు. అది మాత్రం ఎవరికీ గుర్తు లేదు. ఇళయరాజా గారు కూడా సంగీత దర్శకుడు కాకముందు, మరో సంగీత దర్శకుడు జి.కె. వెంకటేశ్ గారి దగ్గర గిటార్ వాయిస్తూ సహాయకుడిగా ఉన్నవారే. ఆయన పాటల్లో గిటార్ ఎందుకు అలా గొంతు వెనకాలే నీడలా నడుస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది కదూ.

ఈ మధ్య చాలా ఆర్కెస్ట్రాల్లో ఆ ప్లాస్టిక్ కుర్చీ తీసేశారు. కీబోర్డులోనే మీట నొక్కితే రిథమ్ గిటార్ వస్తోంది. తప్పు వాయించదు. భోజనం అడగదు. నేను యంత్రాన్ని తిట్టను. కానీ పాడే ఆవిడకి ఆ రోజు జలుబు చేసి, ఊపిరి అందక, చరణం చివర ఒక్క క్షణం ఆలస్యమైందనుకోండి. కుర్చీలో మనిషి ఆవిడ భుజం చూసి కనిపెడతాడు. ఆగడు, తొందరపెట్టడు, కాస్త సర్దుతాడు. మీటకి భుజం కనపడదు.

కుర్చీ తీసేసినా ఆ మనిషి వినిపించే చోటు ఒకటుంది. మీ ఇంట్లో చిన్న రేడియో ఉంటే గమనించండి. ఆ బుల్లి స్పీకరులో బేస్ గిటార్ సరిగా రాదు. అంత కింది స్వరాల్ని అది పలికించలేదు. రిథమ్ గిటార్ 'చిక్ చిక్' మాత్రం స్పష్టంగా వస్తుంది. పెద్ద పెద్ద స్పీకర్లలో పది వాద్యాల మధ్య మునిగిపోయే మనిషి, చిన్న పెట్టెలో తేలి పైకి వస్తాడు.

ఆఖరుగా, పిల్లలకి గిటార్ నేర్పిస్తున్న తల్లిదండ్రులకి ఒక మనవి. ఆరు నెలలు ఫీజు కట్టాక చుట్టాలు వస్తారు. పిల్లవాడిని పిలిచి, "ఏదీ, ఒక పాట వాయించరా" అంటారు. వాడు పాపం కూర్చుని, ఝం ఝం చిక్, చిక్ ఝం చిక్ అంటాడు. చుట్టాలు మొహాలు చూసుకుంటారు. "ఇంకా పాట రాలేదా" అంటారు. వాడి చెయ్యి అక్కడే ఆగిపోతుంది. ఈసారి అలా అడక్కండి. "ఏ శ్రుతి కావాలో చెప్తాను, పట్టుకోరా" అనండి. తర్వాత మీకు వచ్చిన పాట ఏదైనా సరే మీరు పాడండి. గొంతు బాగాలేకపోయినా పాడండి. వాడు వెనకాల వాయిస్తాడు.